మా వదిన ఇల్లు రోడ్డు దాటింది

మా వదినకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఈ ముక్క తెలియక బోర్లా పడ్డవాళ్ళు మా రాష్ట్ర శాసనసభలో లెక్కలేనంతమంది ఉన్నారు. ఆవిడ పేరు మోజెల్ గాట్లింగ్. మిసిసిపీ నది పక్కన టాలీ కౌంటీ నుంచి ఈ కథ మొదలయ్యేనాటికి వరసగా పంతొమ్మిదిసార్లు గెలిచింది, అంటే ముప్పై ఎనిమిదేళ్ళు. నేను ఆవిడ మరిదిని, హోసియాని. మా అన్న ఎజెల్ ఉన్నప్పుడూ, పోయాకా, ఆవిడని రాజధానికి కారులో దింపేదీ తెచ్చేదీ నేనే. పోను నూట నలభై మైళ్ళు, రాను నూట నలభై. జీతం లేదు, దారి పొడుగునా చీవాట్లు మాత్రం ఉండేవి.

మొదటి ఏడాది ఆవిడకి సభలో స్తంభం వెనక కుర్చీ ఇచ్చారు. లేచి నిలబడితే స్పీకరుకి ఆవిడ కనపడదు, ఆవిడకి స్పీకరు కనపడడు. బల్ల మీద మైకు పనిచేయదు. బాగుచేయండయ్యా అంటే "వచ్చే వారం" అన్నారు, ఆ ఏడాదంతా వచ్చే వారమే. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆవిడ మాత్రం సభ నియమాల పుస్తకం తెచ్చుకుని, నేను కారు నడుపుతుంటే పక్కన కూర్చుని గట్టిగా చదివి బట్టీ పట్టింది. నాకూ సగం వచ్చేసింది. ఏళ్ళు గడిచేకొద్దీ కుర్చీ ముందుకి జరగడం అక్కడి ఆనవాయితీ. అలా జరిగి జరిగి ఇప్పుడు మొదటి వరసలో, నడవా పక్కన ఉంది.

పద్దెనిమిదేళ్ళ కిందట ఆ స్తంభం వెనక కుర్చీకి కొండల వైపు నుంచి గ్రేడీ హోల్‌కోంబ్ అనే మనిషి కొత్తగా గెలిచి వచ్చాడు. మా పార్టీ కాదు. ఒక్కడూ కూర్చుని బిక్కమొహం వేసుకుని చూస్తుంటే మా వదినే వెళ్ళి, నియమాల పుస్తకం తెరిచి అతని పక్కన కూర్చుంది.

"ఎందుకొదినా, వాడు మనవాడు కాదుగా?" అన్నాను కారులో.

"స్తంభం వెనక కూర్చున్నవాడికి పార్టీ ఏంటయ్యా," అంది.

ఇప్పుడు ఆ హోల్‌కోంబే స్పీకరు. రెండేళ్ళ కిందటి వసంతంలో ఒక బిల్లు తెచ్చాడు. చిన్న కౌంటీల ఆసుపత్రులన్నీ మూసేసి పెద్ద ఊళ్ళలో కలిపేయాలని. మా టాలీ ఆసుపత్రిలో ఉన్నవి ఇరవై నాలుగు మంచాలు. అది పోతే నొప్పులు పడే ఆడమనిషిని డెబ్బై మైళ్ళు మోసుకుపోవాలి, దారిలో రెండు చోట్ల రైలు గేట్లు. ఓట్లన్నీ అతనివైపే ఉన్నాయి, బిల్లు నెగ్గడం ఖాయం. సమావేశాలు ముగియడానికి రెండు రోజులుందనగా మా వదిన లేచి నిలబడింది.

మా సభలో ఎవరు లేచినా స్పీకరు ఒక్కటే ప్రశ్న వేయాలి. హోల్‌కోంబ్ వేశాడు. "టాలీ సభ్యురాలు ఏ పని మీద లేచారు?"

"బిల్లు మొత్తం చదివించమని అడగడానికి," అంది మా వదిన, మెల్లగా.

ఏ ఒక్క సభ్యుడు కోరినా బిల్లుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గుమాస్తా పైకి చదవాల్సిందే. అది మా రాష్ట్రంలో నూట యాభై ఏళ్ళ నాటి నియమం. ఎవరూ వాడరు, అందరూ మర్చిపోయారు. కోరినవాళ్ళు సభ వదిలి బయటికి అడుగు పెడితే చదవడం ఆగిపోతుంది. బిల్లు నాలుగు వందల పన్నెండు పేజీలు. ఆవిడ రెండు రోజులూ కాఫీ మానేసి, నీళ్ళు గుక్కెడు గుక్కెడుగా తాగి, కుర్చీలోంచి కదలకుండా కూర్చుంది. మూడు వందల ఎనభై ఒకటో పేజీ దగ్గర గడువు అయిపోయింది. బిల్లు చచ్చింది. ఆ నియమం ఉన్న పేజీని హోల్‌కోంబుకి పద్దెనిమిదేళ్ళ కిందట చూపించింది ఆవిడే. అతను గుర్తు పెట్టుకోకపోతే తప్పెవరిది?

అతను ఆ కక్ష కడుపులో పెట్టుకున్నాడు. అక్టోబరులో నియోజకవర్గాల కొత్త మ్యాపు పాస్ చేశారు. మా కౌంటీ అంతా ఎప్పటిలాగే ఉంది, ఒక్క మా పత్తిమిల్లు రోడ్డు దగ్గర మాత్రం గీత పక్కకి తిరిగింది. రోడ్డు నడిమధ్య పసుప్పచ్చ చార ఉంటుంది చూశారూ, దాని మీదుగా గీత పోతుంది. చారకి దక్షిణాన ఉన్నది ఆవిడ నియోజకవర్గం, పేరుపేరునా ఆవిడకి తెలిసిన జనం. చారకి ఉత్తరాన తొమ్మిది ఇళ్ళు తీసుకెళ్ళి పక్క నియోజకవర్గంలో పారేశారు. అందులో ఐదో ఇల్లు ఆవిడది. ఎన్నికకి సరిగ్గా ఏడాది ముందు నుంచీ నియోజకవర్గంలో కాపురం ఉంటేనే పోటీకి అర్హత. ఆ ఏడాది మొదలయ్యే రోజు నవంబరు మూడు, మంగళవారం. మ్యాపు మా చేతికొచ్చేసరికి మిగిలింది ఇరవై ఒక్క రోజులు. ఆవిడ సభలో లేకపోతే ఆ బిల్లు మళ్ళీ వస్తుంది, ఈసారి ఆపేవాళ్ళుండరు. మా కౌంటీలో చిన్నపిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు.

"దీనికింత ఆలోచనెందుకొదినా? రోడ్డవతల ఒక గది అద్దెకి తీసుకుంటే సరి," అన్నాను.

"బ్రామ్లెట్ ఏమయ్యాడో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. ఆరేళ్ళ కిందట బ్రామ్లెట్ అనే సభ్యుడు ఇలాగే ఒక కొట్టు పైన గది అద్దెకి తీసుకున్నాడు. హోల్‌కోంబ్ కోర్టుకెక్కాడు. మనిషి ఎక్కడ పడుకుంటాడో, ఎక్కడ వండుకుంటాడో, ఎక్కడ ఉత్తరాలందుకుంటాడో అదే ఇల్లు, అద్దె చీటీ ఇల్లు కాదు అని జడ్జి తీర్పు రాశాడు. బ్రామ్లెట్ ఇప్పుడు పడవలు అమ్ముకుంటున్నాడు.

మా వదిన పెరట్లోకి వెళ్ళింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, మోకాళ్ళ మీద వంగి ఇంటి కిందకి తొంగిచూసింది. మాది వరదల నేల. ఇళ్ళు నేల మీద కూర్చోవు, ఇటుక దిమ్మెల మీద నిలబడతాయి. పంతొమ్మిదివందల డెబ్బై మూడులో నది పొంగినప్పుడు మా నాన్న, నేను, మా అన్న కలిసి నలభై ఇళ్ళు ఎత్తి లారీ వెనక కట్టి మెరక మీదకి లాక్కెళ్ళాం. మాకది కులవృత్తి లాంటిది. రాజధానిలో మ్యాపులు గీసే మహానుభావుల ఇళ్ళు సిమెంటులో దిగేసి ఉంటాయి. ఇల్లంటే కదలనిదని వాళ్ళ నమ్మకం. గీత గీసేటప్పుడు ఆ ఇంటి కింద గాలి ఆడుతుందన్న సంగతి వాళ్ళకి తట్టనే లేదు.

ఆవిడ మోకాళ్ళు దులుపుకుని లేచింది. "మీ నాన్న లారీ నడుస్తుందా?"

"ఏంటొదినా, మతి గానీ పోయిందా?"

"లారీ సంగతి అడిగాను."

గొంతు తగ్గింది. ఇంకేం మాట్లాడతాను, వెళ్ళి లారీ చూశాను.

రోడ్డుకి సరిగ్గా ఎదురుగా మా చర్చి తాలూకు ఖాళీ స్థలం ఉంది. పాస్టరు అందులో చోటిచ్చాడు. రోడ్డు కౌంటీది కాబట్టి ఒక్కరోజు మూసేయడానికి కౌంటీవాళ్ళు ఒప్పుకున్నారు. వారం రోజులు నేనూ, చర్చివాళ్ళు పదిమందీ ఇంటి కింద పాకి, ఇనుప దూలాలు దూర్చి, చెక్క మొద్దులు పేర్చి, జాకీలతో అంగుళం అంగుళం చొప్పున ఎత్తి, కింద చక్రాలు బిగించాం. నాకు డెబ్బై ఒకటి. నడుం పట్టేసి తిట్టుకుంటూనే ఎత్తాను. అది మా అన్న సొంత చేతులతో కట్టిన ఇల్లు. దాని వరండా మీద ఊగుడు కుర్చీలో కూర్చుని మా వదిన ముప్పై ఎనిమిదేళ్ళు జనం కష్టాలు వింది. పింఛను రానివాడు, పొలంలో నీళ్ళు నిలిచినవాడు, కొడుకు జైల్లో ఉన్న తల్లి, అందరూ ఆ మెట్లే ఎక్కారు.

నవంబరు మూడో తేదీ పొద్దున ఆరింటికే రోడ్డు మీద తిరునాళ్ళలా జనం పోగయ్యారు. అంతకుముందు నాలుగు రోజులు వాన. కౌంటీ క్లర్కు ఐవా బెల్చర్ తన రిజిస్టరు చంకన పెట్టుకుని కారు వేసుకుని వచ్చింది. ఓటర్ల చిరునామాలు రాసే అధికారం ఆవిడదే.

"నా ఆఫీసు నాలుగున్నరకి మూస్తాను, మోజెలక్కా. రోడ్డు మీదున్నా అదే టైము. తర్వాత నన్ను బతిమాలొద్దు," అంది.

"నిన్నెప్పుడు బతిమాలానే?" అంది మా వదిన.

స్పీకరు పంపిన లాయరు కూడా దిగాడు. టీగ్ అని, బట్టతల మనిషి, మెడలో కెమెరా. పాపం, పాలిష్ చేసిన బూట్లతో మా బురదలోకి వచ్చాడు. మా వదిన ముందుగా రోడ్డవతల ఉత్తరాల డబ్బా పాతించింది. టీగ్ దానికి ఫోటో తీశాడు.

కదిలే ఇంట్లో మనిషి ఉండకూడదని మా నాన్న నియమం. నేను లారీ ఎక్కి వెనక్కి చూస్తే మా వదిన నిచ్చెన వేయించుకుని వరండా ఎక్కి ఊగుడు కుర్చీలో కూర్చుని ఉంది.

"దిగొదినా. ఇల్లు ఒరిగితే నీ ఎముకలు ఏరుకోవాలి."

"నువ్వు ఒరగనిస్తావా?"

"నా చేతుల్లో ఉందా?"

"మరి ఎవరి చేతుల్లో ఉందయ్యా? తోలు."

తోలాను. ఇల్లు మూలిగింది, కదిలింది. గంటకి ఇరవై అడుగులు. ముందు వరండా పసుపు చార దాటింది. తర్వాత ముందుగది దాటింది, పడకగది దాటింది. జనం చప్పట్లు కొడుతున్నారు. ఒంటిగంట వేళకి ఇంటి కింద ముందు చక్రాలు రోడ్డు దిగి చర్చి స్థలంలోకి వెళ్ళాయి. వెళ్ళి, నల్ల బురదలో ఇరుసు దాకా దిగబడిపోయాయి. లారీ గింజుకుంది, ఇంటిని లాగే ఇనుప తాడు తెగి కొరడాలా నా తలుపుకి తగిలింది.

ఇల్లు రోడ్డుకి అడ్డంగా ఆగిపోయింది. వంటగది మొత్తం చారకి ఉత్తరాన ఉండిపోయింది. ఇంకా పద్నాలుగు అడుగులు జరగాలి. టీగ్ తీరిగ్గా చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు.

"మేడమ్, మీరు పడుకునేది ఇటు, వండుకునేది అటు. కోర్టులో ఇది నిలబడదండీ," అన్నాడు.

"పొయ్యి మోసుకొచ్చి ముందుగదిలో పెడదాం అక్కా, నిమిషం పని," అన్నాడు జనంలోంచి ఒకాయన. నాకూ అదే మంచిదనిపించింది.

"వద్దు," అంది మా వదిన వరండా మీంచి. "అలా పెడితే వీళ్ళు దాన్ని నాటకమంటారు. ఏం, నేనేమన్నా దొంగతనం చేస్తున్నానా, పొయ్యి దాచిపెట్టి తీసుకెళ్ళడానికి? ఇల్లు మొత్తం వెళ్ళాల్సిందే. లేదంటే ఇక్కడే, ఈ రోడ్డు మధ్యలో ఉంటాను."

నేను బురదలో చతికిలబడ్డాను. చక్రాలతో పనవదు. చక్రాలు తీసేసి, ఎదరంతా మొద్దులు పరిచి, వాటి మీద దూలాలు వేసి, ఇంటిని ఆ దూలాల మీద జార్చాలి. మా నాన్న బురదనేలలో అలాగే చేసేవాడు. ఇనుము మీద ఇనుము జారాలంటే సబ్బు రాయాలి. నూనె కారిపోతుంది, సబ్బు అంటిపెట్టుకుంటుంది. అందుకే ఆయన లారీలో ఎప్పుడూ ఒక పెట్టె సబ్బులుండేవి. యాభై అడుగుల పనికి ఇంత హంగామా ఎందుకులే అని నేనే తేలేదు. నా మొహం మీద నేనే కొట్టుకోవాలనిపించింది.

"సబ్బులు కావాలి. ఒంటి సబ్బులు. ఇంట్లో ఎన్నుంటే అన్ని," అని అరిచాను.

ఆడవాళ్ళు పరిగెత్తారు. నిజం చెప్తున్నాను, పావుగంటలో పత్తిమిల్లు రోడ్డు మీద ఒక్క ఇంట్లో సబ్బు మిగల్లేదు. వాడి అరగదీసిన ముక్కలు, బీరువాలో దాచుకున్న గులాబీ వాసన సబ్బులు, చర్చి వంటింట్లోవి, అన్నీ వచ్చాయి. కాలేజీలో లెక్కలు చెప్పే ఆవిడ దగ్గర నుంచి జుట్టు కత్తిరించే ఆవిడ దాకా మోకాళ్ళ మీద కూర్చుని దూలాలకి సబ్బు రుద్దారు.

లాగడానికి మాత్రం లారీ చాలదు. అప్పుడు ఉత్తరం వైపు నుంచి ఒక పెద్ద ట్రాక్టరు గుడగుడమంటూ వచ్చింది, దాని వెనక ఇంకోటి. ముందుదాని మీద డెల్బర్ట్ ఫంక్. మాలా నల్లవాడు కాదు, తెల్లాయన, రెండువేల ఎకరాల వరి రైతు, హోల్‌కోంబ్ పార్టీకి జెండా మోసే మనిషి. ఆయన మాకు ఒక్కసారి కూడా ఓటేయలేదు, వేయలేదని మొహం మీదే చెప్తాడు.

టీగ్ మొహం విప్పారింది. "రండి ఫంక్ గారూ, రోడ్డు మూసేశారని ఫిర్యాదు చేయడానికొచ్చారా?"

ఫంక్ ఆయన్ని చూడనైనా లేదు. "గొలుసు ఎక్కడ తగిలించాలి, హోసియా?"

"మీ స్పీకరుకి కోపమొస్తుందేమో," అన్నాను, నోరు ఊరుకోక.

"మొన్న ఆగస్టులో మా కోడలికి పురిట్లో నెత్తురాగలేదు. మన ఆసుపత్రిలో పన్నెండు నిమిషాల్లో చేర్చాం. డెబ్బై మైళ్ళయితే మాకు మిగిలేది శవం." మా వదిన వైపు తలెత్తాడు. "మోజెల్ గారూ, వచ్చే ఏడు కూడా నేను మీకు ఓటెయ్యను. ఆ మాట ముందే చెప్తున్నా."

"లాగండి ఫంక్ గారూ," అంది మా వదిన. "ఓటు గురించి తర్వాత పోట్లాడుకుందాం."

చక్రాలు ఊడదీసి, మొద్దులు పేర్చి, దూలాలు సరిచేసేసరికి మూడు ముప్పావు. రెండు ట్రాక్టర్లూ ఒకే పట్టున లాగాలి, ఒకటి ముందైతే ఇల్లు మెలిక పడుతుంది. నేను మధ్యలో నిలబడి చేయి ఊపాను. గొలుసులు బిగుసుకున్నాయి. ఇల్లు ససేమిరా అంది. మళ్ళీ ఊపాను. ఈసారి సబ్బు పనిచేసి, కర్రుమంటూ కదిలింది. అడుగు. మూడడుగులు. వంటింటి కిటికీలో గిన్నెలు గలగలమన్నాయి. ఏడడుగులు. ఐవా బెల్చర్ చేతి గడియారం చూసుకుంటూ ఇంటితోపాటే నడుస్తోంది. పద్నాలుగో అడుగు దగ్గర నేను పరిగెత్తి వెనక్కి వెళ్ళి చూశాను. వంటింటి గోడకీ పసుపు చారకీ మధ్య నా బూటు పట్టేంత జాగా ఉంది. ఇంకో మూడడుగులు లాగించాను, రేపు ఎవడూ టేపు పట్టుకుని రాకుండా.

"నాలుగూ పదహారు," అంది ఐవా.

"గోడలు దాటితే సరా? ఇంట్లో వంట జరగాలిగా, తీర్పులో అలాగే ఉంది," అన్నాడు టీగ్. మనిషి ఓపికకి మెచ్చుకోవాలి.

మా వదిన లోపలి నుంచి వంటింట్లోకి నడిచింది. నేను గ్యాసు సిలిండరు తగిలించాను, చేతులు సబ్బుతో జారి చచ్చాను. ఆవిడ పుల్ల గీసింది, కాఫీ పెట్టింది. మొదటి కప్పు కిటికీలోంచి టీగ్ చేతికే ఇచ్చింది.

"తాగండి లాయరుగారూ. పొద్దున్నుంచి ఏమీ తినలేదు మీరు. రేపు కోర్టులో ఈ కాఫీ ఎక్కడ కాచిందని అడిగితే నిజం చెప్పండి."

ఆయన కప్పు పట్టుకుని చార వైపు చూశాడు, తన బూట్ల వైపు చూశాడు. తర్వాత తాగాడు. ఐవా కారు బానెట్ మీద రిజిస్టరు పరిచి కొత్త చిరునామా రాసింది. నాలుగూ ఇరవై ఆరు.

ఒక్కటే లోటు. ఇల్లు నేరుగా లాగాం కాబట్టి వరండా చేల వైపు తిరిగి ఉంది, వంటిల్లు రోడ్డు వైపుకి వచ్చింది. మా అన్న వరండా రోడ్డు వైపుకి కట్టాడని నాకు ప్రాణం ఉసూరుమంది.

"నేల ఆరాక తిప్పుతాలే వదినా."

"తిప్పొద్దు," అంది. "నేను స్తంభం వెనక కూర్చుని మొదలుపెట్టినదాన్ని. నాకు ముందేంటి, వెనకేంటి? వచ్చేవాళ్ళు ఇక వంటింట్లోంచే వస్తారు."

వచ్చారు కూడా. ఆ ఏడాదంతా వంటింటి బల్ల దగ్గరే పంచాయితీ. మొక్కజొన్న రొట్టె తినకుండా ఎవరినీ పోనివ్వలేదు. నా కారు పెట్రోలుకన్నా ఆవిడ పిండి ఎక్కువ ఖర్చయింది. హోల్‌కోంబ్ కోర్టుకెక్కాడు. జడ్జి ఫోటోలన్నీ చూసి, టీగ్‌ని పిలిచి, "మీరక్కడ ఏమైనా తాగారా?" అని అడిగాడు. టీగ్ నిజం చెప్పాడు. తర్వాతి నవంబరులో మా వదిన ఇరవయ్యోసారి గెలిచింది. ఫంక్ ఓటు ఎటు వేశాడో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

జనవరిలో సభ తెరిచిన రెండో వారానికే ఆ బిల్లు మళ్ళీ వచ్చింది. ఈసారి హోల్‌కోంబ్ గడువు చివరిదాకా ఆగలేదు, మొత్తం చదివించినా ఓటుకి టైము మిగిలేలా ముందే పెట్టాడు. ఆరు వందల నలభై పేజీలు. నేను పై గ్యాలరీలో ఉడకబెట్టిన వేరుశనక్కాయల సంచితో కూర్చున్నాను. కింద మొదటి వరసలో, నడవా పక్కన, మా వదిన బూట్లు విప్పి కుర్చీ కిందకి తోసి లేచి నిలబడింది.

హోల్‌కోంబ్ ఆవిడని చాలాసేపు చూడనట్టే కాయితాలు సర్దాడు. కానీ నియమం నియమమే, లేచిన మనిషిని అడగాల్సిందే. ఆ పేజీ కూడా అతనికి నేర్పింది ఆవిడే.

"టాలీ సభ్యురాలు ఏ పని మీద లేచారు?"

మా వదిన గొంతు ఎంత తగ్గిందంటే, పైన కూర్చున్న నేను ముందుకి వంగి వినాల్సి వచ్చింది.

"చదివించండి," అంది. "ఈసారి మనకి టైముంది. మొత్తం వింటాను, ఆ తర్వాత పేజీకో ప్రశ్న అడుగుతాను."

గుమాస్తా కళ్ళజోడు తుడుచుకుని మొదటి పేజీ తెరిచాడు.